నాయిన గడియారంలో పందొమ్మిది నిమిషాలు

మా చిన్ననాట... గద్వాలలో ఊరికంతటికీ ఒక కాలం, మా ఇంటికి మరొక కాలం ఉండేవి.

మా నాన్నగారు పంచాంగం గుణించి ముహూర్తాలు పెట్టేవారు. ఆయన మణికట్టున ఉండే కీ గడియారం ఎప్పుడూ పందొమ్మిది నిమిషాలు వెనకే నడిచేది. అది లోపం కాదు, ఆయన పాటించిన నియమం. దేశానికంతటికీ నిర్ణయించిన సమయం ఎక్కడో తూర్పున ఉన్న రేఖను బట్టి వచ్చినదనీ, సూర్యుడు అక్కడినుంచి గద్వాల నెత్తిమీదికి రావడానికి మరో పందొమ్మిది నిమిషాలు పడుతుందనీ చెప్పేవారు. లగ్నం కట్టేవాడు తన ఊరి సూర్యుణ్ణి నమ్ముకోవాలి గాని రేడియోను కాదట...

ఆ శాస్త్రం తెలియని నేను ఒకనాడు దాన్ని చూసి, తీరికగా చద్దన్నం ముందు కూర్చున్నాను. వంటింట్లోనుంచి అమ్మ కేక వేసింది.

"నాయిన గడియారం జూసి కూసున్నవా? అది మనదిరా! బడి గంట సర్కారుది. ఉరుకు!"

ఆనాటినుంచి మా ఇంట్లో ఎవరు టైం అడిగినా ముందు ఎదురుప్రశ్న వచ్చేది... "మనదా, సర్కారుదా?" నాకూ, నాకంటే ఆరేళ్లు పెద్దదైన మా అక్కకూ అదొక ఆట. పరాయివాళ్ల ముందు ఆ మాట అనుకుని, మాలో మేమే నవ్వుకునేవాళ్లం.

అమ్మానాన్నల తరువాత గడియారం నా దగ్గరికి వచ్చింది. కాలక్రమాన అక్క భర్తనూ, నేను భార్యనూ పోగొట్టుకున్నాం. ఆమె వనపర్తిలో, నేను గద్వాలలో... చెరొక ఇంట్లో ఒంటరిగా మిగిలాం. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో ప్రతి సాయంత్రం అక్క ఫోను చేసేది. బాగున్నావా అని కూడా అనకుండా, "తమ్మీ, మనదెంతైంది?" అని అడిగేది. నేను కళ్లద్దాలు వెదుక్కుని, గడియారం చూసి చెప్పేవాణ్ణి. చాలా రోజులు నేను పెదవి విప్పేది ఆ ఒక్క ప్రశ్నకే.

ఒక ఉదయం కీ ఇచ్చినా గడియారం కదలలేదు. బజారులో గడియారాలు బాగుచేసే పెద్దాయన మూత తీసి చూశాడు.

"దీని సామాను నా దగ్గర యాడ దొరుకుతది పంతులూ... చేసిన కంపెనోళ్లకే ఇయ్యుండ్రి."

హైదరాబాదు వెళ్లి కంపెనీవారి సర్వీసు కేంద్రంలో ఇచ్చాను. ఫారంలో సూచనలు రాయవలసిన చోట పొందికగా రాశాను... "ఇది పందొమ్మిది నిమిషములు వెనుక నడచును. అది లోపము కాదు. దయచేసి సవరింపవలదు."

కౌంటరులోని అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది.

"అంకుల్, వాచీ ఆగిపోయిందన్నరు కదా?"

"ఔనమ్మా."

"ఆగిపోయిన వాచీ పందొమ్మిది నిమిషాలు వెనక ఎట్ల నడుస్తది?"

సిగ్గుపడి, రాసినదాన్ని కొట్టివేయబోయాను. "ఉండనియ్యండి అంకుల్, గట్లనే పంపిస్త" అని నవ్వింది.

కర్మాగారానికి పోయి రావడానికి రెండు నెలలన్నారు. విడిభాగాలు లభించని పక్షంలో ఉన్నది ఉన్నట్టే తిప్పి పంపుతామని రసీదు మీద అచ్చువేసి ఉంది... ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో.

అక్కకు చెప్పడానికి నోరు రాలేదు. గోడ గడియారం చూసి, పందొమ్మిది తీసివేసి చెబుతూ వచ్చాను. నాలుగో రోజుకే పట్టుకుంది.

"ఏందిరా, అడగంగనే చెప్తున్నవ్? ఎప్పుడు అద్దాలు దేవులాడుకుంట గంటసేపు జేస్తుంటివి. నాయిన గడియారం ఆగిందా?"

"బాగుచేయనీకి ఇచ్చిన అక్కా... కంపెనీకి పోయింది."

"గట్లయితె వచ్చినంక చెప్పు. గోడది జూసి నాకు లెక్కలు చెప్పకు."

ఆ తరువాతి సాయంత్రాలు ఫోను మోగలేదు. నేను చేస్తే "వచ్చిందా?" అనేది. రాలేదనగానే పెట్టేసేది. ఆ రెండు నెలలూ ఇల్లు ఎంత పెద్దదో తెలిసివచ్చింది...

చివరికి గడియారం వచ్చింది. కొత్త అద్దం, చక్కని నడక. వెంట ఒక చీటీ... సమయం సరిచేశామని! నేను ముల్లును ముట్టుకోలేదు. బస్సెక్కి వనపర్తి వెళ్లాను.

అక్క దాన్ని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది. తరువాత గోడ గడియారంతో పోల్చి చూసింది.

"గింత దూరం పోయి సర్కారుల కలిసొచ్చిందిరా ఇది!"

గడియారాన్ని నేను పట్టుకున్నాను, మర ఆమె తిప్పింది. ఒక్కొక్క నిమిషమే వెనక్కి... నేను పైకి లెక్కపెట్టాను. పందొమ్మిది అనగానే చెయ్యి తీసేసింది.

"చాలు చాలు. ఇంకొక్క నిమిషం తిప్పితె పడమటికి రాయచూర్ల తేలుతం."

ఇద్దరం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుకున్నాం. మరునాటి సాయంత్రం ఫోను మోగింది. ఆ తరువాత కొన్నేళ్లు మోగుతూనే ఉంది...

అక్క వెళ్లిపోయి చాలాకాలమైంది. గడియారం మాత్రం నడుస్తూనే ఉన్నది. ఇప్పుడు అందరి చేతుల్లోని ఫోనులూ ఒకే సమయం చూపిస్తున్నాయి, ఎవరూ ఎవరినీ టైం అడగడం లేదు. అడిగే మనిషి ఉన్నంతకాలం అది 'మనది'... ఇప్పుడు పందొమ్మిది నిమిషాలు వెనకబడిన గడియారం, అంతే.

మీ ఇంటి గడప లోపల మాత్రమే చెల్లిన మాట ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి... కానీ, ఆ మాట తెలిసిన మనిషి ఇంకొకరు ఉంటే మాత్రం, ముందు వారికి ఫోను చేయండి.