సీటు కింద సపోర్టు

రిటైర్మెంటుకు నాలుగేళ్లు మిగిలి ఉండగా, ఒక జూన్ నెలలో నన్ను మందమర్రి నుంచి గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనికి ఓవర్‌మ్యాన్‌గా బదిలీ చేశారు. ఓవర్‌మ్యాన్ అంటే షిఫ్టులో తన భాగంలోని పనికీ, మనుషుల ప్రాణాలకూ జవాబు చెప్పాల్సినవాడు. కొత్తగా తెరిచే భాగంలో పైకప్పు సపోర్టు బాధ్యత ఎవరికిస్తారో అప్పుడే తేలాల్సి ఉంది. ఇరవై ఏళ్లు ఆ పనే చేయించినవాణ్ణి, అది నాదేననుకున్నాను.

అక్కడ అప్పటికే సదానందం ఉన్నాడు. ఒకప్పుడు మందమర్రిలో నా కింద సర్దారుగా పనిచేసినవాడే, ఇప్పుడు నాతో సమానమైన హోదా. నాది ప్రాపులనే కర్ర స్తంభాలను కింది నుంచి ఆనించే పద్ధతి. అతనిది రాయిలోకి బోల్టు దించి పైకప్పును పైనే బిగించే పద్ధతి. మేనేజరు అతన్ని పేరు పెట్టి పిలిచేవారు, నన్ను మాత్రం "ఓవర్‌మ్యాన్" అనేవారు.

ఇద్దరికీ షుగరుందని, సైకిలు తొక్కితే మంచిదని దవాఖానలో చెప్పడంతో ఇద్దరం సైకిళ్ల మీదే డ్యూటీకి వచ్చేవాళ్లం. అతని సంచి సీటు కింది కమ్మీలకు బిగించిన క్లాంపుకు వేలాడేది. చక్రానికి తగిలేది కాదు, ఊగేది కాదు. స్టాండు దగ్గర దాన్ని మెచ్చుకోనివాడు లేడు.

"అన్నా, నీక్కూడ ఒకటి చేపియ్యాల్నా?" అని అడిగాడు.

"నాకేం వద్దు. ఏలాడదీసుడు కాదు, కింద నుంచి ఆనియ్యాలె" అన్నాను.

వెల్డరుతో వెనక చక్రం ఇరుసు మీది నుంచి రెండు కడ్డీలు లేపించి, పైన ఇనప రేకు వేయించాను. సంచి దాని మీద కూర్చుంది. అయినా కాస్త కదులుతోందని సంచికీ సీటుకూ మధ్య ఇనప ముక్క దిగగొట్టాను. వేలితో తట్టి చూస్తే గట్టి ప్రాపు పలికినట్టే పలికింది.

వారం తిరక్కముందే మేనేజరు నన్ను వర్క్‌షాపుకు పంపారు. బోల్టు పట్టును పరీక్షించే యంత్రంలో ఒత్తిడి చూపే గేజీని అక్కడ సరిచూసి ఉంచారు, మధ్యాహ్నం తనిఖీలోపు దాన్ని తేవాలి. జీపు ఇస్తామంటే వద్దన్నాను. నా సపోర్టును సదానందం కళ్లారా చూడాలి కదా.

గేజీని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. తిరిగొచ్చే దారంతా లారీలు, గుంతలు. ఆఫీసు ముందు సంచి విప్పితే అద్దం పగిలి, ముల్లు వంగి ఉంది. సదానందం వంగి నా సీటును అరచేత్తో నొక్కాడు. స్ప్రింగులతో సీటు దిగింది, కింద రేకు మాత్రం దిగలేదు. మధ్యలో ఉన్నది నలిగింది.

"ప్రాపు మీద మెత్త చెక్క పెట్టాలె, రూఫ్ దిగితే అదే నలుగుతదని నాకు నేర్పింది నువ్వే గదన్నా" అన్నాడు మెల్లగా. వెక్కిరించినా బాగుండేది.

తనిఖీ వాయిదా పడింది. నేను సంజాయిషీ రాసిచ్చాను. కొత్త భాగం బాధ్యత సదానందానికి వెళ్లింది.

సపోర్టు ఎంచుకునే ముందు పైనున్నది ఎంత కదులుతుందో చూడాలి. గనిలో నేను దీన్ని ఒక్కనాడూ మరవలేదు. సైకిలు దగ్గర మాత్రం నేను చూసింది సీటును కాదు, సదానందాన్ని. ఇప్పుడు నా సంచి వేలాడుతున్నది అతను చేయించి పంపిన, సీటుతోపాటే దిగి లేచే క్లాంపుకే. బాగుందని మాత్రం ఇంతవరకు అతనితో అనలేదు.