నేల మీద పెట్టకూడని టెంకాయ

మా వైపు సెలవు అడగడానికి జ్వరం కన్నా దేవర మేలు. జ్వరమంటే డాక్టరు చీటీ తెమ్మంటారు. చావంటే ఎవరు పోయారని ఆరా తీస్తారు. దేవరంటే మాత్రం ఎవ్వరూ నోరెత్తరు. అమ్మవారికి పొట్టేలును కోసే పండగకు అడ్డం పడి, ఆ పాపం నెత్తిన వేసుకునే ధైర్యం ఏ సూపర్వైజరుకూ లేదు. అందుకే హిందూపురం ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకు పోవాల్సి వచ్చినప్పుడు, హొసకోట అవతల మా మేనత్త వాళ్ల ఊర్లో దేవర ఉందని చెప్పాను. "హోగప్పా, హోగి బా" అని, పోయి రమ్మని మా సూపర్వైజరు కన్నడంలోనే దీవించాడు.

అప్పట్లో నేను రాయచెర్లు దగ్గర సోలార్ పార్కు గేటులో కావలి. లోపల సోలార్ పలకల కింద మా నాయన కంపెనీకి కౌలుకిచ్చిన చేను కూడా ఉంది. ఆయన ఎప్పుడైనా చూసుకుందామని వస్తే, ఎవరు, ఏం పని అని పుస్తకంలో రాసుకుని పంపాల్సింది నేనే. నేను రాస్తున్నంతసేపూ ఆయన ఆకాశం చూసేవాడు.

నాయన సంగతి ఎట్లో సర్దుకున్నాను కానీ గడ్డికి వచ్చే అవ్వతోనే నా తంటా అంతా. పలకలు కడిగిన నీళ్లకు వరసల మధ్య గడ్డి పచ్చగా లేచేది. బయట ఎండిన గరిక కూడా దొరకని రోజుల్లో ఆమె కొడవలి, గోతం పట్టుకుని గేటు దగ్గర కూర్చునేది. లోపలికి బయటివాళ్లను పంపకూడదని నాకు ఆర్డరు. ఆమె గొర్రెపిల్లలకేమో ఆ ఆర్డరు తెలియదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను రోజూ నీళ్లు తాగే నెపంతో పక్కకు తిరిగేవాణ్ణి, ఆమె లోపలికి జారేది. ఎవరైనా చూస్తే నా పని పోతుందని ఆమె బయటికి వచ్చేదాకా దారి వైపే చూస్తుండేవాణ్ణి. ఈ దొంగ బతుకు నాకు విసుగెత్తింది.

దేవర మాట అవ్వ చెవిన పడింది. సాయంత్రానికి పసుపు రాసిన టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. దేవరకు పోయే మనిషి చేతికి మొక్కుబడి టెంకాయ ఇస్తే కాదనకూడదు మా వైపు.

"అమ్మ కాడ కొట్టుకోని రాప్పా. ఆడికి పోయేదాకా నేల మీద పెట్టొద్దు."

"ఏం మొక్కుకున్నావవ్వా?"

"అది అమ్మకు తెలుసులే."

హొసకోట అటు, హిందూపురం ఇటు. ఇంట్లో వదిలేద్దామంటే మా అమ్మకు ఏం చెప్పాలి? టెంకాయను సంచిలో వేసుకుని హిందూపురం బస్సే ఎక్కాను. దారి పొడుగునా అది ఒళ్లోనే ఉంది. నేను మోసం చేస్తున్నది సూపర్వైజరునా, అవ్వనా, అమ్మవారినా అనేది మాత్రం తేలలేదు.

ఫ్యాక్టరీలో కళ్లద్దాల పెద్దాయన సంచి కింద పెట్టి కూర్చోమన్నాడు.

"కింద పెట్టకూడదు సార్."

"ఏముందందులో?"

"టెంకాయ సార్."

ఆయన నన్ను, సంచిని మార్చి మార్చి చూశాడు. అక్కడి పని ఎందుకు మానేస్తున్నావని అడిగాడు. మంచి అవకాశం కోసమని చెప్పాలని బట్టీ పట్టి పోయాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఆడ గేటు కాడికి వచ్చేవాళ్లంతా మావాళ్లే సార్."

"ఇక్కడా కావలి పనే కదయ్యా, రాకూడని వాళ్లను ఆపాలి."

"ఈడ నాకు ఎవ్వరూ తెలియరు సార్."

ఆ జవాబు ఆయనకు తెగ నచ్చింది. జీతం సోలార్ పార్కులో కన్నా మెరుగు. ఒకటో తేదీన చేరమన్నాడు. సంతోషపడాల్సింది పోయి, తిరుగు బస్సులో నేను చెప్పిన మాటనే నెమరేసుకుంటూ కూర్చున్నాను. గెలిచానో ఓడానో నాకే అర్థం కాలేదు.

మరుసటి రోజు అవ్వ గేటు దగ్గర కాచుకుని ఉంది.

"బాగా పగిలిందా నాయనా?"

"దేవర ఆదివారానికి మార్చినారవ్వా" అన్నాను. ఒక అబద్ధానికి ఇంకోటి తోడైంది.

ఆమె ముఖం విప్పారింది. "మంచిదే అయిందిలే. పూజారి అడుగుతాడు గదా, మొక్కు ఏందో నీకు చెప్పేదే మర్సిపోయినా. నువ్వు ఈ గేటు ఇడిసి యాడికీ పోకూడదని మొక్కుకుంటినప్పా. ఇంగొకడు వస్తే నన్ను లోపలికి ఇడుస్తాడా? నా పిల్లలు యాడ మేసేది?"

నాకు ఒళ్లు మండింది. నా బతుకు మీద మొక్కుకోవడానికి ఈమె ఎవరు? ఆ వెంటనే ఏడుపొచ్చింది. నేను పోకూడదనే మొక్కును నేనే మోసుకుని పోయి, పోవడానికి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాను. రోజూలాగే నీళ్లు తాగడానికి పక్కకు తిరిగాను. ఆమె లోపలికి పోయింది.

ఎవరిదో మొక్కు అని మా అమ్మతో దాటేసి, టెంకాయను ఇంట్లో వాసానికి వేలాడదీశాను. కొడితే నా కొత్త పని పోతుందేమో. కొట్టకపోతే ఆమె మొక్కు నా మెడకు చుట్టుకుంటుంది. చివరికి నా వారపు సెలవు నాడు నిజంగానే హొసకోట బస్సెక్కాను. మేనత్త వాళ్ల ఊర్లో దేవర లేదు, జనమూ లేరు. గుడి ముందు పూజారి ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

ఆయన టెంకాయ తీసుకున్నాడు. "ఏం కోరిక?"

"గేటు కాడ మనిషి మారకూడదని."

"ఎవరి మొక్కు?"

అవ్వ పేరు చెప్పాలి. అందుకే కదా ఇంత దూరం వచ్చింది.

"నాదే సామీ" అన్నాను.