సెల్లార్‌లో మునగడం నేర్చుకున్న ఆదివారం

ఆ రోజుల్లో ధైర్యాన్ని యూనిఫాంతో పాటే కుట్టి ఇస్తారనుకునేవాణ్ణి. నౌకాదళంలో హెలికాప్టర్ పైలట్‌ని కాబోతున్నానని లింగంపల్లి చుట్టాల ముందు ఛాతీ విరుచుకు తిరిగాను గానీ, నీళ్ళలో ముంచే పరీక్ష ఒకటుందని మాత్రం చెప్పలేదు. (చెబితే ఈతొచ్చా అంటారు. వచ్చు. తల పైకి ఉన్నంతసేపూ వచ్చు.) సముద్రంలో పడ్డ హెలికాప్టర్ తలకిందులవుతుంది, బరువంతా పైనే ఉంటుంది గనుక. అందుకని మమ్మల్ని ఇనుప డబ్బాలో బెల్టులతో బిగించి, కొలనులో ముంచి తిప్పేవారు. ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని, డబ్బా పూర్తిగా ఆగాకే బెల్టు విప్పాలి. నేను సగం తిరగకముందే విప్పేసి, పైకేదో కిందికేదో తెలియక పక్కవాడి ముక్కు మీద తన్నాను. కాపలాగా నీళ్ళలో ఉన్న ఈతగాళ్ళు నన్ను బయటికి లాగారు. "ఇంకొక్క అవకాశం. అదీ పోతే నువ్వు ఎగరలేవు" అన్నారు శిక్షకులు. మధ్యలో పది రోజుల సెలవు.

కొత్తగూడలో అక్కావాళ్ళింటికి వచ్చాను. అన్నం సయించదు. తల మీద చెంబెడు నీళ్ళు పోసుకోవాలన్నా ముందు కుళాయి గట్టిగా పట్టుకునేవాణ్ణి. "ఏందిరా, బకెట్ జూసి గూడ ఉలికిపడుతున్నవ్?" అంది అక్క. అసలు సంగతి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ మేనేజరైన బావకు మాత్రమే చెప్పాను. "ఫికర్ జేయకు బామ్మర్దీ, టెస్టింగ్ జేద్దాం" అన్నాడు, అదేదో కొత్త యాప్ అయినట్టు.

ఆదివారం బావ ఆఫీసు సెల్లార్ ఖాళీ. అక్క చున్నీతో బావ నా కళ్ళకు గంతలు కట్టి, కారులో నన్ను బెల్టుతో బిగించి, ర్యాంపు మీదుగా గుండ్రంగా కిందికి తిప్పడం మొదలుపెట్టాడు. నేను ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని, కారు ఆగాకే బెల్టు విప్పి బయటపడాలి. ఇంతలో విజిల్ మోగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. బెల్టు ఊడదీసి, ఇంకా మెల్లగా కదులుతున్న కారులోంచి దూకి సెక్యూరిటీ తాత కాళ్ళ దగ్గర పడ్డాను.

"ఎవల్ని ఎత్కపోతున్నవ్ సారూ?" అని తాత గద్దించాడు.

బావ మెడలోని ఐడీ కార్డు చూపిస్తూ, "నా బామ్మర్దే తాతా. పైలట్" అన్నాడు.

తాత నన్నూ చున్నీనీ ఎగాదిగా చూశాడు. "పైలట్ అయితే కండ్లెందుకు కట్టిన్రు?"

సంగతంతా విన్నాక ఆయనే మాకు రెండో మాస్టారయ్యాడు. సాయంత్రం దాకా కారు తిరుగుతున్నప్పుడల్లా ఏ స్తంభం చాటు నుంచో విజిల్ ఊదేవాడు. నేను దూకబోయినప్పుడల్లా బావ కసిరేవాడు: "గిదే నీ బీమారి! భయమైతే కానియ్. చెయ్యి మాత్రం ఇడువకు."

రెండోసారి డబ్బా మునిగినప్పుడు భయం రవ్వంత కూడా తగ్గలేదని ఒప్పుకోవాలి. ముక్కుల్లోకి నీళ్ళు, చుట్టూ చీకటి. చచ్చిపోతానని నిజంగానే అనుకున్నాను. అయినా చెయ్యి వదల్లేదు. డబ్బా ఆగింది. బెల్టు విప్పాను. అందరికన్నా చివర పైకి తేలాను, కానీ నా అంతట నేనే తేలాను.

ఇప్పుడు నా భుజాల మీద పట్టీలు పెరిగాయి, జుట్టు తగ్గింది. మొన్న ఆ పరీక్షలో ఒకసారి తప్పిన కుర్రాడు నా ఎదుట వణుకుతూ నిలబడితే, పెద్దరికం పక్కనబెట్టి నా కథంతా చెప్పాను, సెల్లార్‌తో సహా. అతను మర్యాదగా విని, "థాంక్యూ సర్. నాకు ధైర్యం చెప్పడానికి ఎంత బాగా కల్పించారో!" అన్నాడు. ఆనాడు గజగజలాడిన నాలోని పిల్లవాణ్ణి ఈ తెల్ల యూనిఫాం ఎంత బాగా దాచేసిందో అని నవ్వుకున్నాను, కాస్త దిగులుగానే.