గోదారి గల్లీ వేగం
ధర్మపురిలో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే భానుప్రసాద్ పొద్దున రాగానే, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు రౌటర్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. తర్వాత చాయ్ ఊదుకుంటూ, ఏ గల్లీకి ఎంత వేగం తగ్గకుండా అందాలో కంప్యూటర్లో కుదురుస్తాడు. ఒకరికి ఖాయం చేయాలంటే ఇంకొకరికి కోయాలి. మొన్న ఫంక్షన్ హాల్లో పెండ్లి లైవ్ ఆగొద్దని గోదారి గల్లీకి కోసేశాడు. ఆ గల్లీలో గంగయ్య పోయాడని తెలుసు, డప్పులూ వినిపిస్తున్నాయి. తలంబ్రాలు పడ్డాక మారుద్దామనుకున్నాడు. ఈలోపే అక్కడ పాడె ఎత్తబోతూ, సెలవు దొరకక మస్కట్‌లో ఉండిపోయిన కొడుకు కరుణాకర్ ఆఖరుసారి పిలవాలని వీడియో కాల్ కలిపి ఫోన్ గంగయ్య చెవి దగ్గర పెట్టారు. బొమ్మ కదల్లేదు, మాట రాలేదు. చూసి చూసి పాడె ఎత్తారు.

మర్నాడు కరుణాకర్ ఫోన్ చేశాడు. "అన్నా, బొమ్మయితే ఆగిపాయె. మా అవ్వనడిగితే ఏడుస్తది గని చెప్తలేదు. నెట్టు నీది, నీకెరుకుంటది. నేను బాపూ అని పిలిచింది ఆయన చెవుల వడ్డదా?" భానుప్రసాద్ చెయ్యి రౌటర్ మీదికి పోయింది. "వడ్డది తమ్మీ," అన్నాడు. ఇప్పుడు ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ వేగం ఆ గల్లీకే వస్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.