అద్దాల తొట్టిలో ఆరు జెల్లలు

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా అత్తగారి వైపు మాత్రం వినేవాళ్లకు చెప్పే నేనే లోకువ. ఇన్నేళ్లుగా ప్రతి పెళ్లిలో నా ఘోర పరాజయాన్ని మా బావమరిది నరేశ్ చెబుతాడు, అందరూ పడీపడీ నవ్వుతారు. నా వాదన ఒక్కరూ వినలేదు. కనీసం మీరైనా వినండి.

అప్పుడు మేడ్చల్‌లో కొత్తగా కాపురం పెట్టాం. బహదూర్‌పల్లిలో నరేశ్ ఇంట్లో అక్వేరియం ఉండేది. అందులో చిన్న మీసాల చేపలు అడుగున ఇసుక కెలుకుతూ గుంపుగా తిరిగేవి.

"ఒక్కటే ఉంటే బుగులువడి బెదుర్తది బావా, ఆరన్న ఉండాలె. అయినా గివన్నీ నీతోని గాదు," అన్నాడు నరేశ్.

ఆ 'నీతోని గాదు' ఈరోజుకీ నా చెవిలో చీమలా తిరుగుతోంది.

పంతంతో నేనూ ఓ అద్దాల తొట్టి కొన్నాను. చేపల కోసం వాడు కొనే దుకాణానికే వెళ్తే వాడి ముందు తల వంచినట్టే కదా! నేరుగా శామీర్‌పేటలో చేపలమ్మే దగ్గరికి వెళ్లాను. మీసాలున్నాయి, అడుగున తిరుగుతాయి, గుంపుగా ఉంటాయి. ఇంకేం కావాలి? ఆరు జెల్ల పిల్లల్ని బకెట్లో తెచ్చి తొట్టిలో వదిలాను.

"గివి పులుసు చేపలు గదా?" అంది మా ఆవిడ.

"మీసాలు కనిపిస్తలేవా?" అన్నాను, అవేవో డిగ్రీ పట్టాలైనట్టు.

ఏడాది తిరిగేసరికి అవి ఆఫీసు వేళ సిటీ బస్సులో జనంలా తయారయ్యాయి. ఒకదాని మీసం ఇంకోదాని కంట్లో! అయినా ఆరూ బతికున్నాయి. అది చూపించి నరేశ్ నోరు మూయించాలనే మృగశిర కార్తె నాడు అత్తగారింటివాళ్లను చేపల కూరకు పిలిచాను.

ఆ రోజు చేప తినని ఇల్లుంటుందా మా దగ్గర? బజారుకు వెళ్తే ఊరంతా అక్కడే ఉంది. నా వంతు వచ్చేసరికి బుట్టలు ఖాళీ. చేతులూపుకుంటూ ఇంటికొస్తే వంటింట్లో పులుసు ఘుమఘుమలాడుతోంది. అత్తమ్మే చేపలు తెచ్చి వండిందనుకుని తినడానికి కూర్చున్నాను. అత్తమ్మ చేత రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

"మస్తుంది అత్తమ్మా! ఏడ దొరికినయ్?"

"గదేంది బిడ్డా! మృగశిరకని ఏడాది సంది నువ్వు మేపినయే గదా. ఎంత ముందుసూపు!"

తొట్టి వైపు చూశాను. నీళ్లే ఉన్నాయి.

"నేను ముందే చెప్పిన, పులుసు చేపలని," అంది మా ఆవిడ.

నరేశ్ వేళ్లు నాకుతూ, "నీతోని గాదన్న గద బావా, మాఫ్ చెయ్. మా ఇంటి చేపలు గింత రుచి ఉండయి," అన్నాడు.

పెంచిన చేతులే తుంచుతాయంటారు. నాకైతే పెంచిన చేతులే ముద్దలు కలిపాయి.

ఖాళీ తొట్టి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మసాలా పట్టే జీవాన్ని దేన్నీ ఇకమీదట అద్దాల వెనక పెట్టను. మీరంతా నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ అత్తమ్మా, ఏడాది మేపినవాణ్ణి నేను. తలకాయ ముక్కలు నరేశ్‌కు వేసి, రెండుసార్లూ నాకు తోకే ఎందుకు వేశారు? నాకిప్పుడు జవాబు కావాలి.