మడక దున్నని కుందేలు

మత్తిగిరిలో మేమున్న రోజుల్లో మా ఇంటికి యజమాని ఎవరని అడిగితే నేనేనని చెప్పుకునేవాడిని. వీధిలో ఎవరూ నమ్మేవారు కాదు. అసలు యజమాని ఒక సీమకుందేలు. తెల్లని మగ కుందేలు, ఎర్రటి కళ్లు. తూకం వేస్తే రెండు కిలోలు దాటేది కాదేమో గాని, అది వసారాలో నడిచి వస్తుంటే కలెక్టరు తనిఖీకి వచ్చినట్టు ఇంటిల్లిపాదీ లేచి నిలబడేవాళ్లం.

దాన్ని తెచ్చింది మా అక్క. ఆమె కుందారపల్లి పక్క ఊళ్లో మెట్ట సేద్యం ఉన్న ఇంటి కోడలు. బావ పోయాక సేద్యం మేం చూసుకుంటామని మరుదులు అన్నారు, అక్క నా దగ్గరికి వచ్చేసింది. వచ్చే ముందు ఏవో కాగితాల పని మీద కృష్ణగిరి పోయి, అక్కడి సంతలో కుందేలు పిల్లల్ని కూరకు అమ్ముతుంటే చూసింది. ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో మామిడికాయల బుట్ట పట్టుకొని మా గుమ్మంలో దిగింది. బుట్టలో మామిడికాయలు లేవు.

"చిన్నప్పుడు కుందేలు కూర నేనూ తినిందాన్నే," అంది, నేను నోరు తెరవకముందే. "ఇది నన్ను చూసిందిరా. చూసినాక ఏం చేసేది?"

కొన్ని నెలల పాటు అది ఇంట్లో ఉన్నట్టే తెలియలేదు. అక్క ఒళ్లో కూర్చొని కొత్తిమీర కాడలు నమిలేది. తర్వాత దానికి వయసొచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పొడి గోడ లేదు. అన్ని జంతువులూ మూత్రం పోస్తాయి, ఇది గురిచూసి చిమ్మేది. ఒకసారి చిమ్మితే గోడ మీది క్యాలెండరులో ఏడాది పండగలన్నీ కలిసి ఒకే రోజుకు వచ్చి చేరాయి. నా ఎడమ కాలి చెప్పును వలచింది. కుడి చెప్పు వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు. ఆఫీసుకు వేళవుతుంటే నేను ఆ చెప్పు లాక్కోబోతే, పరాయి ఇల్లాలి మీద చెయ్యి వేసినవాణ్ణి చూసినట్టు చూసేది. నా భార్య పొయ్యి ముందు కూర్చుంటే గుర్రుమంటూ ఆమె చుట్టూ ప్రదక్షిణలు చేసేది. దేవుడికైతే మూడు చాలు, మా ఆవిడకు మూడు వందలు. ఇక పెరట్లో అది తవ్విన సొరంగంలో చెవి పెడితే కోలారు గనుల్లో కూలీలు మాట్లాడుకునేది వినిపించేదని నేను ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాను.

"వదినా, ఇన్నాళ్లూ నేను ఏమీ అనలే," అంది నా భార్య ఒక రోజు, తడిసిన చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని. "ఈ వారంలో ఇది నాలుగో చీర. వాడు ఉండాలంటే బోనులో ఉండాల. లేదంటే డాక్టరుకు చెప్పి ఏమన్నా చేయించాల."

నేను చెక్కపెట్టెకు ఇనుప తీగెల వల కొట్టి బోను తయారు చేశాను. మూడు రోజులు అది ఆ వలకు ముక్కు ఆనించి అటూ ఇటూ, అటూ ఇటూ తిరిగింది. రెండో రోజు ముక్కు మీద తోలు లేచింది. మూడో రోజు రక్తం వచ్చింది. అక్క బోను పక్కనే చాప వేసుకొని కూర్చుంది. కన్నీళ్లు పెట్టే మనిషి కాదు. వేలు వలలో దూర్చి ఆ ముక్కు నిమురుతూ ఉండిపోయింది.

"ఒక ఆడకుందేలును తెస్తే సరిపోతుంది కదా," అన్నాను, పెళ్లిళ్ల పేరయ్యలాగా.

"నెలకొక ఈత ఈనుతుంది. ఈతకు ఆరో ఏడో పిల్లలు. వాటిని యాడ పెడతావు? అడిగినోళ్లకి ఇస్తే తీసుకుపోయి పూజ చేస్తారా? మసాలా నూరుతారు. ఒకదాన్ని కూరలోనించి తప్పించి ఏడింటిని కూరకు పంపేదా?"

ఇక మిగిలింది డాక్టరే. ఆ పశువుల డాక్టరు మా వీధి చివర ఉండేవాడు, ఉద్యోగానికి కొత్త. కుందేలును చూసి, ఆ ముక్కు చూసి, అక్క ముందు నేల మీదే కూర్చున్నాడు.

"అమ్మా, ఉన్నది చెప్తాను. ఎద్దులకు చేసినాను, కుక్కలకు చేసినాను. కుందేలుకు ఎప్పుడూ చేయలే. కోసేది కష్టం కాదు. మత్తుమందే భయం. రోంత ఎక్కువైతే మళ్లీ లేచేది లేదు. ఆలోచన చేయండి. ఆదివారం పొద్దున వస్తాను, అప్పుడు చెప్పండి."

అతను వెళ్లాక అక్క నా వైపు తిరిగింది. "మా ఇంట్లో కోడెలకు విత్తు కొట్టించేటప్పుడు నేను లోపలికి పోయి తలుపేసుకునేదాన్ని. అయినా వినపడేది. సరే, అవి మడక కట్టి పొలం దున్నాల, బండి లాగాల. వీడు ఏ మడక దున్నాలని? నీ చెప్పు కోసరం, నీ పెండ్లాం చీర కోసరం వాన్ని చావుకు పంపేదా?"

నేను నా ఎడమ చెప్పును కాలితో మంచం కిందికి తోశాను.

ఈ సంగతి పక్కింటి పెద్దాయన చెవిన పడింది. ఆయన పశువుల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన చేతి కింద విత్తు పోగొట్టుకున్న కోడెలను వరసగా నిలబెడితే వరస మత్తిగిరిలో మొదలై రాష్ట్ర సరిహద్దులోని జూజువాడి దాటేది. కళ్లజోడు తుడుచుకొని వచ్చి, కుందేలును వెల్లకిలా తిప్పి చాలాసేపు వెతికాడు.

"ఏమప్పా, ఇది ఆడది కదా."

"ఆడదా?"

"ఉండాల్సినవి లేవు కదా. నా కంటే నీకు తెలుసునా?"

ఆయన చల్లటి చేతులకు బెదిరి అది తన ఆస్తిపాస్తులను పొట్టలోకి లాక్కుందని మాకప్పుడు తెలియదు. కిందికి దించిన మరుక్షణం అది వెనక్కి తిరిగి తాను ఎవరో ఆయన పంచె మీద స్పష్టంగా రాసిచ్చింది.

"మగదే," అన్నాడు పెద్దాయన, పంచె పిండుకుంటూ. "అయితే ఇదో, విను తల్లీ. చేయిస్తావో మానేస్తావో నీ ఇష్టం. ముందు దినం మాత్రం మేత, నీళ్లు బందు చేయాల. పొట్ట నిండుకొని ఉంటే మత్తులో ఉబ్బి పోతాది. ఎద్దుకైనా, ఏనుక్కైనా ఒకటే పద్ధతి."

అక్క సేద్యపు ఇంటి మనిషి, ఎద్దుల విషయంలో అది నిజమని ఎరుగును. ఆమె ఇంకా ఏదీ తేల్చుకోలేదు. అయినా తేలితే సిద్ధంగా ఉండాలని శనివారం పొద్దున్నే బోనులోంచి ఆకులన్నీ తీసేసింది. తానూ తినలేదు. "వాడు చూస్తా ఉండంగా నాకు ముద్ద ఎట్లా దిగుతుంది?" అంది. ఆ రోజు నేను వంటింటి మూలన గోడ వైపు తిరిగి దొంగలాగా రాగిముద్ద మింగాను.

ఆదివారం డాక్టరు వచ్చేసరికి కుందేలు బోను మూలన ముడుచుకొని ఉంది. చెవులు వాలిపోయాయి.

"మేత ఎప్పుడు పెట్టినారు?"

"నిన్న పొద్దున్నే నిలిపేసినాం సార్," అన్నాడు పెద్దాయన గర్వంగా.

డాక్టరు చేతిలోని సంచి కింద పెట్టేశాడు. "అయ్యో, ఇది ఎద్దు కాదు కదప్పా! కుందేలు కడుపు ఆడతానే ఉండాల. నిలిచిపోతే మళ్లీ ఆడించేది కష్టం. కత్తి లేకుండానే చంపేస్తా ఉండారు మీరు."

అక్క దాన్ని ఒళ్లోకి తీసుకుంది. కొత్తిమీర పెడితే ముట్టలేదు. ముల్లంగి ఆకు పెడితే మొహం తిప్పుకుంది. డాక్టరు చూపించినట్టు అరచేత్తో దాని పొట్ట నెమ్మదిగా రాస్తూ, దూదితో నోట్లో నీళ్లు పిండుతూ కూర్చుంది. ఎండ గడప దాటి వసారాలోకి వచ్చింది. పెద్దాయన తల వంచుకొని మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకు తెలీదు తల్లీ," అన్నాడు చివరికి.

"నాకు మాత్రం తెలుసునా అప్పా? ఆకు తీసిన చెయ్యి నాది."

మధ్యాహ్నానికి దగ్గర పడుతుండగా దాని మూతి కదిలింది. ఒక కొత్తిమీర కాడ కొస లోపలికి పోయింది. తర్వాత ఇంకొకటి. ఆ నమిలే చప్పుడు కృష్ణగిరి దాకా వినిపించి ఉంటుంది. నాలుగు కాడలు తిన్నాక అక్క దాన్ని నేల మీదికి వదిలింది. కాళ్లు వణుకుతున్నాయి. అయినా అది గుర్రుమని, అక్క పాదాల చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టింది. సగం తిరిగి పడిపోయింది. లేచింది, మళ్లీ సగం, మళ్లీ పడింది. నేను పకపకా నవ్వాను.

"నవ్వొద్దురా," అంది అక్క. "చూడు. కడుపు నిండలే, నిలబడే సత్తువ లే. అయినా తిరగాలంట. వాడు తిరగతా లేడురా, వాన్ని ఏందో తిప్పుతా ఉంది. బోనులో ఉన్నా, బయట ఉన్నా వానికి సుఖం యాడుంది?" డాక్టరు వైపు తిరిగింది. "చేయండి సార్. చెప్పు కోసరం కాదు, చీర కోసరం కాదు. వాడు తేరుకోనీ, వచ్చే ఆదివారం చేయండి. తిని ఉన్నప్పుడే."

వారం తర్వాత మా వసారాలో బల్ల మీద ఆ పని జరిగింది. కోడెలప్పుడు తలుపేసుకున్న మా అక్కే ఈసారి కుందేలును రెండు చేతుల మధ్య పట్టుకొని నిలబడింది. మత్తుమందు వాసనకు దానికన్నా ముందు నేను తూలి, వెళ్లి వీధి అరుగు మీద కూర్చున్నాను. కోసి కుట్టింది పావుగంటే. అది లేవడానికి పట్టిన సమయం ఎంతో నేను చెప్పను. దేన్నైనా పదింతలు చేసి చెప్పేవాడిని, దాన్ని మాత్రం ఎంత పెంచినా తక్కువే అవుతుంది. చివరికి ఒక చెవి కదిలింది. అక్క బల్లకు ఆనుకొని కళ్లు మూసుకుంది.

"మంచి పని చేసినావు అక్కా," అన్నాను సాయంత్రం.

"బతికినాడు కాబట్టి అంటా ఉండావు. పోయింటే?"

పాత బుద్ధులు ఒక నెల రోజులు అట్లాగే ఉంటాయని డాక్టరు చెప్పిపోయాడు. ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే పలచబడ్డాయి. బోను చెక్కలతో నా భార్య నీళ్లు కాచింది.

ఆ తర్వాత ఒక పొద్దున నేను పెరట్లో గడ్డం గీసుకుంటుండగా వసారాలోంచి అక్క కేక. "రేయ్, బిన్నగా రా! పోయినాడురా!"

సగం మొహం సబ్బుతో పరుగెత్తాను. కుందేలు నేల మీద పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ బారజాపి పడి ఉంది. అక్క దాని మీద వంగి రెండు చేతులతో కుదుపుతోంది. అది ఒక కన్ను తెరిచి, మా ఇద్దర్నీ చూసి, బుద్ధి లేని మనుషులని తేల్చుకొని, మళ్లీ మూసుకుంది.

అక్క అక్కడే కూలబడింది. గొంతు తగ్గించి, "నిద్రపోతా ఉండాడు," అంది. "ఇన్నాళ్లలో వీడు ఇట్లా కాళ్లు చాపి పండుకునింది నేను చూడనే లేదురా."

నేను ఏదో అనబోయాను.

"గమ్మునుండు, లేస్తాడు," అంది అక్క.