బావ కారు సీట్లు

ఒక మనిషి నిజం చెబుతుంటే, అతని ముఖం మీదే అది అబద్ధమన్నాను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఇదే. వంట చేస్తున్నా, మిషను తొక్కుతున్నా, పదిమందిలో కూర్చుని నవ్వుతున్నా దిగని బరువు. అసలు సంగతికి ముందు ఇంకొక మాట కూడా ఉంది. నన్నూ మోసం చేశారు. అది నిజమే. కానీ ఆ మాట వెనకాల దాక్కుని చాలాకాలం బతికేశాను. ఇక చాలు.

మా ఆయనకు జయపురంలో కార్ల సీట్లు కుట్టే షాపు ఉండేది. రెక్సిన్ కోయడం ఆయన పని, కుట్టడం నా పని. మా అక్క కాపురం రాయగడలో. బావ సొంత అంబాసిడర్‌ను టాక్సీగా తిప్పేవాడు. తొంభైల మొదట్లో జబ్బు చేసి పోయాడు. అక్క ఆ కారును అమ్మలేదు. పెరట్లో రేకుల కింద అలాగే ఉంచింది. సాయంత్రమైతే ఆ ముందు సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని చింతపండులో పిక్కలు తీసేది. స్టీరింగు వైపు మాత్రం జరిగేది కాదు. అది బావ చోటు.

ఆ ఇంట్లో సుకురు అనే ఆయన ఉండేవాడు. కాశీపూర్ దగ్గర కొండపల్లె అతనిది. బావకంటే వయసులో పెద్ద. బండి కడగడానికి వచ్చి డ్రైవరయ్యాడు. మా తెలుగు మాలాగే మాట్లాడేవాడు. బావ మంచాన పడినప్పుడు ఒళ్లు తుడిచిందీ, ఎత్తి కూర్చోబెట్టిందీ అతనే. బావ పోయాక కూడా అక్క అతన్ని పంపలేదు. పెరటి గదిలో ఉంటూ, బజారు పనులు చేసిపెడుతూ, కదలని ఆ కారును రోజూ తుడిచేవాడు.

అక్క కూతురి పురిటికి పార్వతీపురం వెళుతూ తాళాలన్నీ నాకిచ్చింది. కారు తాళం కూడా. లోపల తుడవడానికని రెండో తాళం సుకురు దగ్గరే ఉండేది. నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే అంది.

అప్పుడే జయపురంలో ఒక బియ్యం మిల్లు ఆసామి మా షాపుకు వచ్చాడు. వాళ్ల నాన్న వాడిన పాత అంబాసిడర్ గొడ్ల సావిట్లో పడి ఉండి లోపలంతా ఎలుకలు తినేశాయి. దాన్ని మళ్లీ మొదట ఎలా ఉండేదో అలా చేసి ఇమ్మన్నాడు. సీట్లు, తలుపుల అట్టలు, లోపలి పిడులు, అన్నీ ఆ కాలంవే కావాలన్నాడు. అవి బజారులో దొరకడం ఎప్పుడో మానేశాయి. షాపు అప్పటికే ఈసురోమంటోంది. మా ఆయన రెండుమూడు ఊళ్లు తిరిగి ఖాళీ చేతులతో వచ్చారు. చివరికి నన్ను కారు తాళం అడిగారు. బావ కారు సీట్లకు కాగితం పెట్టి అచ్చులు తీసుకుంటాను, అంతే అన్నారు. నేను నమ్మాను. ఎందుకు నమ్మనూ? ఆయన నా మొగుడు.

తర్వాత ఒక రోజు కుట్టడానికని షాపుకు వెళ్లాను. బల్ల మీద ఒక సీటుంది. దాని పక్క చివర ఒక మాసిక. గోధుమరంగు దారం అయిపోయి, ఆకుపచ్చ దారంతో నేనే వేసిన మాసిక అది. అప్పట్లో బావ నన్ను ఆటపట్టించాడు కూడా, నా కారుకు చిలకను కుట్టేవా అని. గోడవారగా మిగతావన్నీ ఉన్నాయి. వెనక సీటు, తలుపుల అట్టలు, డాష్‌బోర్డు. బావ కారు మొత్తం.

ఆయన తొణకలేదు. అక్క వచ్చేలోగా కొత్తవి చేసి పెట్టేస్తానన్నారు. సుకురు ఏమీ అనలేదా అని అడిగాను. అమ్మగారికి తెలుసు, కొత్తగా కుట్టి తెస్తాం అని తాను చెబితే అతనే దగ్గరుండి మోసి వ్యానులో పెట్టాడట.

ఏడ్చాను. ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు మాసిక విప్పమంటే విప్పాను.

మీరిక్కడ ఆగి నన్ను చూడండి. నేను ఇక్కడ చాలాసార్లు ఆగాను. అప్పటిదాకా మోసపోయినదాన్నే కదా? ఆ సీట్లు తిరిగి వ్యానులో పెట్టించి ఉంటే, కనీసం అక్కకు కబురు పంపి ఉంటే, ఈ కథ మొగుడూ పెళ్లాల తగవుగా ముగిసిపోయేది. కానీ నేను నా కుట్లను నేనే బ్లేడుతో ఒక్కొక్కటిగా తెంపి, ఆ స్ప్రింగుల మీద కొత్త రెక్సిన్ బిగించి, అంచులు తిన్నగా వచ్చాయా లేదా అని కళ్లు చికిలించి చూసుకున్నాను. కారు తయారయ్యాక మిల్లు ఆసామి తలుపు తెరిచి మా నాన్న కూర్చున్నట్టే ఉంది అన్నాడు. సిగ్గులేకుండా గర్వపడ్డాను.

కొత్త సీట్లు ఎవరూ చేయలేదు. అక్క అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. పక్కింటి ఫోను నుంచి నన్ను వెంటనే రమ్మంది. మా ఆయన రానన్నారు. నువ్వే ఏదో ఒకటి చెప్పుకో అన్నారు. మొదట మోసం చేశారు, ఇప్పుడు ఒంటరిగా వదిలేశారు.

రాయగడలో దిగి ఇంటికి వెళ్లేసరికి అక్క పెరట్లో ఉంది. కారు తలుపులు నాలుగూ తెరిచి ఉన్నాయి. లోపల ఉత్త రేకు. సుకురు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అక్క నన్ను కూర్చోమనలేదు. "మీ ఆయనొచ్చి సీట్లన్నీ ఇప్పుకుని ఎల్లిపోనాడని సుకురు అంటన్నాడు. నాకు తెలుసని సెప్పి మరీ తీసుకెల్లేడంట. నిజమేనా అమ్మీ?"

సుకురు నావైపు చూశాడు. భయం లేదు ఆ చూపులో. నేను వచ్చాను కాబట్టి అంతా తేలిపోతుందన్న ధీమా. "సిన్నమ్మగోరూ, మీరే సెప్పండి" అన్నాడు.

"నాకేటీ తెల్దక్కా. ఆయన ఈ మధ్యన రాయగడ రానే లేదు" అన్నాను.

సుకురు నన్నే చూస్తూ ఉండిపోయాడు. నేను కారు చక్రం వైపు చూశాను.

అక్క ఏడవలేదు. "తోడబుట్టినోడికంటే ఎక్కువ అనుకున్నార్రా నిన్ను మీ అయ్యగోరు. దొంగతనం సేస్తే సేసేవు, నా సెల్లి మొగుడి మీదకి తోసేస్తావా? ఎల్లిపో" అంది.

సుకురు తన పక్క చుట్టుకుని వెళ్లిపోయాడు. వెళుతూ అక్కకు దండం పెట్టాడు. నాకు పెట్టలేదు.

ఎందుకన్నాను? కాపురం గురించి భయపడ్డాననీ, మొగుడి పరువు పోతుందనుకున్నాననీ చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అవీ ఉన్నాయి. కానీ వాటికి అడుగున ఇంకొకటుంది. దాన్ని చూడడానికి నాకు ఏళ్లు పట్టింది. అతను కొండవాడు, నేను తోడబుట్టినదాన్ని. ఇద్దరిలో ఎవరి మాట నిలుస్తుందో నోరు తెరవక ముందే నాకు తెలుసు. తెలిసే తెరిచాను.

ఆ తర్వాత అక్క మనిషి మారిపోయింది. కారును పాత ఇనుముకు ఇచ్చేసింది. ఎవరినీ పెరట్లోకి రానిచ్చేది కాదు. పనిమనిషి గిన్నెలు తోముతున్నంతసేపూ దగ్గరే నిలబడేది. నమ్మిన మనిషే గొంతు కోశాడని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేను పక్కనే కూర్చుని తలూపేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక, కాశీపూర్‌లో గని పనులకు తిరిగే జీపులకు సీట్లు కుట్టే పని దొరికింది. ఒకసారి కవర్లు అప్పజెప్పడానికి నేను వెళ్లాను. సంతలో అల్లం కుప్ప పోసుకుని సుకురు కనిపించాడు. బాగా ముసలివాడయ్యాడు. తప్పుకుపోదామనుకున్నాను, అతనే పిలిచాడు. నిలదీస్తాడనుకున్నాను. "పెద్దమ్మగోరు బాగున్నారా? నామీద ఇంకా కోపంగానే ఉన్నారా?" అని అడిగాడు.

లేదన్నాను. ఎప్పుడో మరిచిపోయిందన్నాను. అతని ముఖం ఎంత తేలికపడిందో చెప్పలేను. వద్దంటున్నా వినకుండా కొంగులో ఇంత అల్లం పోశాడు. అలా రెండోసారి కూడా అతనికి అబద్ధమే చెప్పాను. ఊరట ఇచ్చాను కదా అని సర్దిచెప్పుకోబోయాను. నిజం చెబితే కలిగే ఊరటను అతని దగ్గర్నుంచి దాచి, ఈ చవకది చేతిలో పెట్టాను. అంతే.

అక్క ఆఖరి రోజులు మా ఇంట్లోనే గడిచాయి. నా చేతి అన్నమే తినేది. ఒక మధ్యాహ్నం తల దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "బయటోల్లు ఎవులూ నిలబడరే అమ్మీ. ఆకరికి నువ్వే మిగిలేవు" అంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఇంట్లో ఎవరూ లేరు. దువ్వెన అలాగే పట్టుకుని నిలబడ్డాను, తర్వాత జడ వేశాను. అక్క ఆ వారమే పోయింది.

ఈమధ్య మా ఆయన్ని అడిగాను, బావ కారు సీట్ల సంగతి ఎప్పుడైనా గుర్తొస్తుందా అని. ఆయన పేపరు దించి, ఏ సీట్లు అన్నారు. నటన కాదు. నిజంగానే మరిచిపోయారు. నా జీవితమంతా తినేసిన సంగతి ఆయనకు గుర్తే లేదు. ఆ మాటకు కోపం రావాలి, రాలేదు. ఇక ఇది నా ఒక్కదానిదే అని మాత్రం అర్థమైంది.

సుకురు ఉన్నాడో లేడో తెలియదు. కాశీపూర్ మళ్లీ వెళ్లలేదు. వెళ్లే ధైర్యం వస్తుందని మీకు మాటివ్వలేను. మీరు నన్ను క్షమించాలనీ కాదు, అది మీ చేతిలో లేదు. ఆ రోజు పెరట్లో అక్క అడిగిన మాటకు జవాబు ఇన్నాళ్లూ నా గొంతులోనే ఉండిపోయింది. అదొక్కటీ ఇక్కడ చెప్పేస్తాను.

నిజమే అక్కా. సుకురు సెప్పింది నిజమే.